కారు సీటు హెడ్‌రెస్ట్: సరిచేసుకోవడం, తీయడం, హెల్మెట్‌తో సర్దుకోవడం – తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్తగా కారు కొన్నవారు, దూర ప్రయాణాల్లో మెడ పట్టేసినవారు, రేస్ ట్రాక్ మీద హెల్మెట్‌తో నడపాలని ఉత్సాహపడేవారు హెడ్‌రెస్ట్ గురించి మళ్లీ మళ్లీ అవే సందేహాలు అడుగుతుంటారు. వాటికి జవాబులన్నీ ఇక్కడ ఒకచోట చేర్చాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి. హెడ్‌రెస్ట్‌తో వచ్చే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం దాన్ని తీయకుండానే తీరిపోతాయి. మనిషి కూర్చునే సీటుకు అది లేకుండా చేయడం చాలా పెద్ద నిర్ణయం.

## ముందుగా తెలుసుకోవలసినవి

హెడ్‌రెస్ట్ తల ఆనించుకోవడానికే కదా? తీసేస్తే నష్టమేమిటి?

పేరును బట్టి అలా అనిపిస్తుంది గానీ, దాని అసలు పని వెనుక నుంచి మరో వాహనం గుద్దినప్పుడు మెడను కాపాడటం. ఆ క్షణంలో సీటు మీ నడుమునూ వీపునూ ఒక్కసారిగా ముందుకు నెడుతుంది. తల మాత్రం ఉన్నచోటే ఉండిపోతుంది. సెకనులో పదో వంతు గడిచేలోపే మెడ ఎముకల వరుస ‘ఎస్’ ఆకారంలోకి మెలిపడుతుంది, ఆపైన తల వెనక్కి విరుచుకుపడుతుంది. తలకు దగ్గరగా, తగినంత ఎత్తులో హెడ్‌రెస్ట్ ఉంటే ఆ విరుపు మొదట్లోనే ఆగిపోతుంది. లేకపోతే మెడ కండరాలు, ఎముకలను కలిపి ఉంచే లిగమెంట్లు దెబ్బతింటాయి. ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోయినా నొప్పి నెలల తరబడి వేధించవచ్చు. అందుకే అమెరికాలో 1969 జనవరి 1 నుంచి తయారయ్యే కార్లలో ముందు సీట్లకు వీటిని తప్పనిసరి చేశారు.

నేను ఊళ్లోనే, నెమ్మదిగా నడుపుతాను. నాకూ అవసరమా?

అవసరమే. వెనుక నుంచి దెబ్బ తగలడానికి మీరు వేగంగా వెళ్లనక్కర లేదు, ఆగి ఉంటే చాలు. సిగ్నల్ దగ్గర, టోల్‌గేటు వరుసలో, స్పీడ్‌బ్రేకర్ ముందు బ్రేకు వేసినప్పుడు వెనుకవాడు చూసుకోకపోతే మీ మెడకు మిగిలే ఆధారం అదొక్కటే.

కారు నీళ్లలో మునిగితే అద్దం పగలగొట్టడానికే హెడ్‌రెస్ట్ ఊడివచ్చేలా చేశారట. నిజమా?

నిజం కాదు. వాట్సాప్‌లో ఎన్నేళ్లుగా తిరుగుతున్నా అది కట్టుకథే. వెనుక సీట్లు మడవడానికి, పిల్లల సీటు బిగించడానికి, కవర్లు మార్చడానికి వీలుగా అవి ఊడివస్తాయి. హెడ్‌రెస్ట్ కింద ఉండే ఇనుప కడ్డీ కొనతో పక్క అద్దాన్ని మూలలో గట్టిగా కొడితే పగలవచ్చు. ముందు అద్దం మాత్రం రెండు పొరల మధ్య ప్లాస్టిక్ పెట్టి అతికించినది, అది పగుళ్లు వేస్తుందే తప్ప దారి ఇవ్వదు. కొన్ని కార్లలో పక్క అద్దాలు కూడా ఇలాంటివే.

2020 అక్టోబరులో హైదరాబాద్ వీధుల్లో కార్లు కొట్టుకుపోవడం చూసినవారికి ఈ భయం సహజం. అలాంటి సమయంలో హెడ్‌రెస్ట్ ఊడదీస్తూ కూర్చోకండి. బెల్టు విప్పుకోండి, కరెంటు పనిచేస్తుండగానే కిటికీ దించండి, పిల్లలను ముందు బయటకు పంపండి. అద్దం పగలగొట్టడానికే చేసిన చిన్న సుత్తి ఒకటి డ్రైవర్ చేతికి అందేచోట ఉంటే మంచిది.

## కూర్చున్నప్పుడు సరిచేసుకోవడం

హెడ్‌రెస్ట్ ఎంత ఎత్తులో, ఎంత దగ్గరగా ఉండాలి?

పై అంచు మీ నడినెత్తితో సమానంగా ఉంటే అన్నిటికన్నా మంచిది. అంత ఎత్తు రాకపోతే కనీసం చెవుల పైభాగాన్ని దాటాలి. అమెరికాలో బీమా కంపెనీల నిధులతో నడిచే ఐఐహెచ్‌ఎస్ అనే రహదారి భద్రతా సంస్థ లెక్క ప్రకారం, పై అంచు నడినెత్తికి 9 సెంటీమీటర్లకు మించి కిందికి ఉండకూడదు, తల వెనుక భాగానికీ హెడ్‌రెస్ట్‌కూ మధ్య 10 సెంటీమీటర్లకు మించి ఖాళీ ఉండకూడదు.

ఒంటరిగా కూర్చుని ఇది చూసుకోవడం కష్టం. ఎప్పుడూ నడిపే భంగిమలోనే కూర్చుని, పక్కనున్నవారిని మీ తలకు సమాన ఎత్తు నుంచి పక్కగా ఒక ఫొటో తీయమనండి. మెడ మధ్యలోకి వచ్చి ఆగిన హెడ్‌రెస్ట్ ఫొటోలో వెంటనే దొరికిపోతుంది. అన్నిటికన్నా కింది గాటులో (ఎత్తు నిలపడానికి కడ్డీ మీద ఉండే కోతలో) వదిలేసిన హెడ్‌రెస్ట్ పొడగరి మెడకు మేలు కన్నా కీడే చేస్తుంది, ఎందుకంటే తల దాని పైఅంచు మీదుగా వెనక్కి వాలుతుంది.

ఎత్తు సరిగానే పెట్టాను. అయినా తలను ముందుకు తోస్తోంది. ఏం చేయాలి?

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. దీని వెనుక ఒక కారణం ఉంది. అమెరికాలో 2009 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన తలకూ ముందు సీటు హెడ్‌రెస్ట్‌కూ మధ్య ఖాళీని 55 మిల్లీమీటర్లకు పరిమితం చేసింది. అందుకే కొత్త కార్లలో అవి పాతవాటికన్నా ముందుకు వచ్చినట్టు కనిపిస్తాయి. అయితే ఈ కొలత సాధారణంగా సీటు వీపు సుమారు 25 డిగ్రీలు వెనక్కి వాలి ఉన్నప్పుడు తీసేది. మనలో చాలామంది, ముఖ్యంగా పొట్టిగా ఉన్నవారు, రోడ్డు బాగా కనిపించాలని సీటును దాదాపు నిటారుగా నిలబెట్టుకుంటారు. సీటు నిటారుగా లేచేకొద్దీ హెడ్‌రెస్ట్ తల మీదికి వస్తుంది.

కాబట్టి ముందు సీటు వీపును ఒకటి రెండు మెట్లు వెనక్కి వాల్చండి. స్టీరింగ్ దూరమైతే సీటునే ముందుకు జరపండి, స్టీరింగ్ బయటకు లాగే వీలుంటే లాగండి. రోడ్డు కనిపించకపోతే సీటు ఎత్తు పెంచుకోండి. తరువాత హెడ్‌రెస్ట్‌ను ఒక గాటు పైకీ ఒక గాటు కిందికీ జరిపి చూడండి, తల తగిలే చోటు మారుతుంది. కొన్ని కార్లలో హెడ్‌రెస్ట్ ముందుకూ వెనక్కూ కూడా వంగుతుంది. అలాంటివాటిలో కొన్ని పూర్తిగా ముందుకు లాగితేనే పట్టు వదిలి వెనక్కి వెళ్తాయి. ఈ సంగతి తెలియక ఏళ్ల తరబడి ఇబ్బంది పడేవారున్నారు.

వీపు వెనుక ఏముందో కూడా చూసుకోండి. మందపాటి సీటు కవరు హెడ్‌రెస్ట్‌కు ఉండి వీపుకు లేకపోతే ఆ మందమంతా తల వెనుకే చేరుతుంది. నడుము దగ్గర ఖాళీ ఉండి వీపు గూనిగా వంగినా తల ముందుకే పోతుంది. అక్కడ పలచటి దిండు పెట్టుకుంటే భుజాలు వెనక్కి వచ్చి మెడ తేలిక పడుతుంది.

కొప్పు వేసుకుంటే, వెనుక క్లిప్పు పెట్టుకుంటే తల సరిగా ఆనడం లేదు. తీసేయమంటారా?

తీయవద్దు, జుట్టు ముడి చోటు మార్చండి. జడను పక్కకు వేసుకోవడమో, ముడిని నడినెత్తికి దగ్గరగానో మెడ మొదట్లోనో పెట్టుకోవడమో చేస్తే సరిపోతుంది. గట్టి ప్లాస్టిక్ క్లిప్పును మాత్రం కారెక్కగానే తీసి పక్కన పెట్టండి. వెనుక నుంచి దెబ్బ తగిలితే తలకూ హెడ్‌రెస్ట్‌కూ మధ్య నలిగేది అదే, దాని పళ్లు తలలోకి దిగుతాయి.

నేను బాగా పొడవు. పూర్తిగా పైకి లాగినా చెవుల దాకానే వస్తోంది.

చివరి గాటులో లాక్ పడేలా పెట్టి, సీటు వీపును సరిచేసి తలకు వీలైనంత దగ్గరగా ఉంచండి. ఎత్తు తక్కువైనా దగ్గరగా ఉంటే కొంత రక్షణ ఉంటుంది. లాక్ పడే గాటు దాటించి, మధ్యలో నిలబెట్టి వాడకండి. దెబ్బ తగిలితే అది అక్కడ ఆగదు. కొత్త కారు కొనేటప్పుడు ఇంట్లో అందరికన్నా పొడవైన మనిషిని కూర్చోబెట్టి చూడటం మంచి అలవాటు.

హెడ్‌రెస్ట్‌కు తగిలించే మెడ దిండు మంచిదేనా?

పక్క సీటులో కునుకు తీసేవారికి పలచటిదైతే ఫరవాలేదు. డ్రైవర్‌కు వద్దు. మందపాటి దిండు మెడ వెనుక ఖాళీని నింపి, తలను ముందుకు తోస్తుంది లేదా తలకూ హెడ్‌రెస్ట్‌కూ మధ్య దూరం పెంచుతుంది.

వెనుక సీటు హెడ్‌రెస్ట్ వీపులో గుచ్చుకుంటోంది. తయారీ లోపమా?

లోపం కాదు, కావాలనే అలా చేశారు. చాలా కార్లలో వెనుకవి సీటు అంచు మీదికి ముడుచుకుని కూర్చుంటాయి. ఎవరూ లేనప్పుడు దించితే డ్రైవర్‌కు వెనుక అద్దంలోంచి రోడ్డు బాగా కనిపిస్తుంది. ఎవరైనా కూర్చుంటే అది గుచ్చుకుని, పైకి లాగమని గుర్తుచేస్తుంది. వెనుక కూర్చున్న పెద్దవారికి ఆ సంగతి చెప్పి, మీరే లాగి పెట్టండి.

ఆల్టో, క్విడ్ లాంటి కార్లలో హెడ్‌రెస్ట్ సీటులోనే కలిసిపోయి ఉంటోంది. వాటిని ఎలా సరిచేయాలి?

ఎత్తు మార్చే వీలు ఉండదు. సీటు వాలు, వీపు భంగిమ, కవరు మందం మాత్రమే మీ చేతిలో ఉన్నవి. కోసి పలచన చేయించుకోవద్దు.

## తీయడం

ఏయే సందర్భాల్లో తీయవచ్చు?

ఆ సీటులో మనిషి కూర్చోనప్పుడు. సామాను కోసం వెనుక సీటు మడిచేటప్పుడు, కవర్లు ఉతికేటప్పుడు, వీపుభాగం ఎత్తుగా ఉన్న పిల్లల సీటు హెడ్‌రెస్ట్ అడ్డుపడి నిలవనప్పుడు తీయవచ్చు. పిల్లల సీటు కోసం తీసేముందు ఆ సీటుతో వచ్చిన పుస్తకం చూడండి. వీపుభాగం పిల్లల తల ఎత్తు దాకా లేని చిన్న బూస్టర్ (పిల్లలను ఎత్తులో కూర్చోబెట్టే సీటు) అయితే తలకు ఆధారం కారు హెడ్‌రెస్టే, దాన్ని ఉంచాలి.

బటన్ నొక్కినా ఒకచోటికి వచ్చి ఆగిపోతోంది. పూర్తిగా ఎలా తీయాలి?

సీటు పైఅంచున కడ్డీలు దిగే రెండు ప్లాస్టిక్ గొట్టాలను దగ్గరగా చూడండి. రెండూ ఒకేలా ఉండవు. ఒకదానికి పెద్ద బటన్ ఉంటుంది, అది ఎత్తు మార్చడానికి. రెండోదానికి చిన్న బటనో, సన్నటి రంధ్రమో ఉండవచ్చు, అది పూర్తిగా తీయడానికి. పొరపాటున ఊడిపోకుండా, ఎత్తు మార్చే పనికీ తీసే పనికీ తేడా ఉండాలని అమెరికా నిబంధనే చెబుతుంది. కొన్ని కార్లలో రెండు బటన్లూ ఒకేసారి నొక్కాలి, కొన్నింటిలో రంధ్రంలోకి పేపర్ క్లిప్పు లాంటి సన్నటి తీగ దూర్చి నొక్కిపట్టాలి.

ముందు హెడ్‌రెస్ట్‌ను చివరి గాటు దాకా లాగండి. ఒకరు బటన్లు నొక్కిపట్టుకుంటే రెండోవారు రెండు చేతులతో నిటారుగా పైకి లాగాలి. ఒకవైపే లాగితే కడ్డీ గొట్టంలో ఒరుసుకుని బిగుసుకుంటుంది. చిన్న కార్లలో కడ్డీలు బయటకు రాకముందే హెడ్‌రెస్ట్ పైకప్పుకు తగులుతుంది, అప్పుడు సీటును వెనక్కి వాల్చండి. బయట కుట్టించిన కవరు ఉంటే బటన్ దాని కింద దాగి ఉండవచ్చు, వేళ్లతో తడిమి చూడండి.

కింద వైర్లు కనిపిస్తున్నాయి. లాగేయవచ్చా?

లాగకండి. కరెంటు మోటారో, స్క్రీనో, గుద్దినప్పుడు తనంతట తానే ముందుకు వచ్చే యంత్రాంగమో ఉండవచ్చు. సాబ్ అనే కార్ల సంస్థ 1997లో 9-5 కారుతో ఇలా తనంతట తానే ముందుకు వచ్చే హెడ్‌రెస్ట్‌ను తెచ్చింది. అప్పటి నుంచి చాలామంది తయారీదారులు ఆ దారి పట్టారు. ఇలాంటివాటిని కారు పుస్తకం చెప్పిన పద్ధతిలోనో, అధీకృత సర్వీసు కేంద్రంలోనో మాత్రమే తీయించాలి.

కడ్డీలను కాస్త వెనక్కి వంచి ఇస్తామంటున్నారు. వంపించుకోవచ్చా?

వద్దు. వంచినచోట లోహం బలహీనపడుతుంది. రెండు కడ్డీలూ సమాంతరంగా లేకపోతే గొట్టంలో ఇరుక్కుని, లాక్ సగమే పడుతుంది. తల బరువంతా ఆపవలసిన కడ్డీ అది.

వెనక్కి తిప్పి పెట్టుకుంటే తల మీదికి రావడం లేదు. అలా నడపవచ్చా?

చాలామందికి తోచే ఉపాయమే ఇది, చూడటానికి సులువుగానే ఉంటుంది. కానీ కడ్డీలను చేతిలోకి తీసుకుని చూడండి. చాలా హెడ్‌రెస్టుల్లో గాట్లు ఒక కడ్డీకే ఉంటాయి. తిప్పి పెట్టినప్పుడు గాట్లున్న కడ్డీ లాక్ లేని గొట్టంలోకి వెళ్తుంది, గాట్లు లేని నున్నటి కడ్డీ లాక్ ఉన్న గొట్టంలోకి వస్తుంది. పట్టుకునేది ఏదీ ఉండదు. మొదటి కుదుపుకే కిందికి జారుతుంది. గాట్లు రెండు కడ్డీలకూ ఉన్నా అవి ఒకవైపు నుంచే కోసి ఉంటాయి. లాక్ పడినట్టు అనిపించినా, ముందువైపు మెత్తగా దెబ్బను పీల్చుకునేలా నింపిన నురుగు వెనక్కి పోయి, తలవైపు గట్టి భాగం వస్తుంది. పైగా తల వెనుక దూరం 10 సెంటీమీటర్లు దాటిపోవచ్చు. ఇబ్బంది తగ్గినట్టే ఉంటుంది గానీ రక్షణ పోయినట్టే లెక్క.

తీసిన హెడ్‌రెస్ట్‌ను ఎక్కడ పెట్టాలి?

డిక్కీలో, కదలకుండా కట్టి. వెనుక అద్దం కింద పలక మీద పడేస్తే గట్టిగా బ్రేకు వేసినప్పుడు ఇనుప కడ్డీలతో సహా ముందుకు ఎగిరివస్తుంది.

## హెల్మెట్‌తో నడిపేటప్పుడు

కారులో హెల్మెట్ ఎందుకు? రోడ్డు మీద కూడా పెట్టుకోవచ్చా?

హెల్మెట్ రేస్ ట్రాక్ కోసం. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలోని మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్, కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయంలోని కరి మోటార్ స్పీడ్‌వే, గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్ మన దేశంలో పేరున్న ట్రాకులు. అమెరికాలో ఖాళీ పార్కింగ్ స్థలాల్లో కోన్లు పెట్టి జరిపే ఆటోక్రాస్‌లో సొంత కారుతో పాల్గొనేవారికీ హెల్మెట్ తప్పనిసరి. మామూలు రోడ్డు మీద కారులో పెట్టుకోవద్దు, పక్క చూపూ వినికిడీ తగ్గుతాయి.

హెల్మెట్ పెట్టుకోగానే గడ్డం ఛాతీకి తగులుతోంది. హెడ్‌రెస్ట్ తీసేయాలా?

హెల్మెట్ మందం తల వెనుక నాలుగైదు సెంటీమీటర్లు కలుపుతుంది. కొత్త కార్లలో తల వెనుక ఉన్న ఖాళీయే అంత. అందుకే తల అంత మేర ముందుకు వస్తుంది. చూపు కిందికి పోతుంది, మలుపుల్లో మెడ తిప్పడం కష్టమవుతుంది. ఇబ్బంది నిజమైనదే. అయినా తీయకముందు చేయవలసినవి చాలా ఉన్నాయి.

హెల్మెట్ పెట్టుకున్నాకే సీటు సర్దుకోండి. సీటును పూర్తిగా దించి, వీపును ఒక మెట్టు వాల్చండి. భుజాలు సీటుకు ఆని ఉండగానే చేయి చాచితే మణికట్టు స్టీరింగ్ పైభాగం మీద పడాలి. పడకపోతే వాలు ఎక్కువైనట్టు, సీటును ముందుకు జరపండి. తరువాత హెడ్‌రెస్ట్‌ను పై గాటుకు లాగండి. హెల్మెట్ వెనుక ఉబ్బు హెడ్‌రెస్ట్ పొట్టకు కాకుండా, దాని కింది సన్నటి భాగానికి ఎదురుగా వస్తే రెండు మూడు సెంటీమీటర్లు కలిసివస్తాయి. అయితే పైభాగం తల వెనుకే ఉందో లేదో పక్క నుంచి ఎవరైనా చూసి చెప్పాలి.

హెల్మెట్ ఆకారం కూడా ముఖ్యం. గాలిని చీల్చడానికి వెనుక తోకలా పొడుచుకువచ్చిన బైకు హెల్మెట్ కారు సీటులో పెద్ద అడ్డు. కారు రేసుల కోసం చేసే, స్నెల్ అనే హెల్మెట్ పరీక్షా సంస్థ ‘ఎస్‌ఏ’ ముద్ర ఉన్న హెల్మెట్లు సాధారణంగా వెనుక గుండ్రంగా ఉంటాయి, నిప్పును తట్టుకునే పరీక్ష కూడా దాటినవై ఉంటాయి. బైకు కోసం ఇచ్చే స్నెల్ ‘ఎం’ ముద్రకు ఆ నిప్పు పరీక్ష లేదు. మీరు వెళ్లే కార్యక్రమం ఏ ముద్ర కోరుతుందో ముందే కనుక్కోండి.

ఒక్కపూటే కదా, ట్రాక్ మీద తీసేసి నడిపితే ఏమవుతుంది?

మా సలహా: తీయకండి. హెల్మెట్ తలకు కిలోన్నర దాకా బరువు కలుపుతుంది. ఆ బరువును వెనక్కి విరగకుండా ఆపేది ఏదీ లేకపోతే మెడ మీద భారం మామూలుకన్నా పెరుగుతుంది. ట్రాక్ మీద కారు గిర్రున తిరిగి వెనుక వైపు నుంచి గోడకు తగలడం అరుదైన సంగతి కాదు. ఎంత సర్దినా కుదరకపోతే తల ఆనే భాగం ఉన్న రేసింగ్ సీటు వేయించుకోండి, లేదా ఆ రోజుకు మరో కారు చూసుకోండి.

హెల్మెట్ పైకప్పుకు తగులుతోంది. ఏం చేయాలి?

సీటు దించండి, వాలు కాస్త పెంచండి. హెల్మెట్‌కూ పైకప్పుకూ మధ్య పిడికిలి పట్టేంత ఖాళీ ఉంటే నిశ్చింత. సన్‌రూఫ్ ఉన్న కార్లలో దాని యంత్రాంగం కొన్ని సెంటీమీటర్లు తినేస్తుంది, ట్రాక్ కోసమే కొనేవారు అది లేని రకం తీసుకోవడం మేలు. మాజ్డా మియాటా లాంటి పైకప్పు తెరుచుకునే కార్లలో కొందరు సీటు కింది నురుగు కోసి పలచన చేసుకుంటారు. పక్క సీటు కింద మనిషి ఉన్నాడో లేడో ఎయిర్‌బ్యాగుకు చెప్పే సెన్సర్ ఉంటుంది, అక్కడ కత్తి పెట్టకండి. పైకప్పు లేని కార్లకు చాలా క్లబ్బులు రోల్‌బార్ (కారు బోల్తా పడితే తలను కాపాడేలా సీటు వెనుక బిగించే ఇనుప కమ్మి) నుంచి ముందు అద్దం పైఅంచు దాకా ఒక కర్ర ఆనించి, హెల్మెట్ దాని కిందే ఉందో లేదో చూస్తాయి.

హాన్స్ పరికరం పెట్టుకుంటే హెడ్‌రెస్ట్ అక్కర్లేదా?

రెండూ వేర్వేరు ప్రమాదాలకు. భుజాల మీద కూర్చుని హెల్మెట్‌ను పట్టీలతో పట్టుకునే హాన్స్, ముందు నుంచి గుద్దుకున్నప్పుడు తల ముందుకు విసురుగా పోకుండా ఆపుతుంది. వెనక్కి పోకుండా ఆపేది హెడ్‌రెస్టే. పైగా హాన్స్ రెండు భుజాల మీదుగా వచ్చే రేసింగ్ బెల్టులతోనే పనిచేస్తుంది, మామూలు కారు బెల్టుతో పనికిరాదు.

రేసు కార్లలో తల చుట్టూ ఉండేది కూడా హెడ్‌రెస్టేనా?

అవును, అది ఇంకా పెద్దది. ఫార్ములా వన్‌లో 1996 నుంచి డ్రైవర్ తలకు వెనుకా పక్కలా మెత్తటి రక్షణ తప్పనిసరి. దిగేటప్పుడు ఊడదీయగలిగేలా బిగిస్తారు. 2017లో అజర్‌బైజాన్‌లోని బాకూ రేసులో ముందంజలో ఉన్న లూయిస్ హామిల్టన్ కారులో అది వదులైంది. ఆయన ఒక చేత్తో దాన్ని అదిమిపట్టి నడపవలసి వచ్చింది, చివరకు ఆగి మార్పించుకుని ఐదో స్థానంతో సరిపెట్టుకున్నారు. గెలిచే రేసు పోతుందని తెలిసినా ఆపించారంటే దాని విలువ అర్థమవుతుంది. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ పక్కన జరిగిన ఫార్ములా ఈ (ఎలక్ట్రిక్ కార్ల) రేసు చూసినవారికి ఈ తరహా రక్షణ గుర్తుండే ఉంటుంది.

## తిరిగి పెట్టిన తరువాత

ఎటువైపు పెట్టాలో తెలియడం లేదు.

గాట్లున్న కడ్డీ పెద్ద బటన్ ఉన్న గొట్టంలోకి, మెత్తటి వంపు తల వైపుకు రావాలి. టక్కున చప్పుడు అయ్యాక బటన్ నొక్కకుండా పైకి లాగి చూడండి. ఊడిరాకపోతే సరిగా పడినట్టు.

దానంతట అదే కిందికి జారుతోంది.

గొట్టంలోని స్ప్రింగ్ అరిగి ఉంటుంది. గొట్టం ఒక్కటే విడిగా మార్చవచ్చు, ఖర్చు తక్కువే. కడ్డీకి టేపు చుట్టి ఆపకండి.

గలగల చప్పుడు వస్తోంది.

ఒక గాటు పైకో కిందికో మార్చి చూడండి. ఆగకపోతే గొట్టం వదులైనట్టు, మార్పించండి. కడ్డీలకు నూనె, గ్రీజు పూస్తే దుమ్ము పట్టి లాక్ మొరాయిస్తుంది, సీటు గుడ్డ కూడా మరకలు పడుతుంది.

వెనుక నుంచి కారు గుద్దింది. హెడ్‌రెస్ట్ బాగానే ఉంది. అలాగే వాడవచ్చా?

పైకి బాగున్నట్టు కనిపించినా సీటు చట్రం, కడ్డీల వంపు ఒకసారి చూపించండి. ముందుకు కదిలే రకమైతే అది మళ్లీ యథాస్థానానికి వచ్చిందో లేదో సర్వీసు కేంద్రమే చెప్పాలి.

ఇంట్లో ఇద్దరం ఒకే కారు నడుపుతాం. ప్రతిసారీ మార్చాలా?

మార్చాలి. మీ ఎత్తుకు కింది నుంచి ఎన్నో గాటు సరిపోతుందో ఒకసారి లెక్కపెట్టుకుని గుర్తుపెట్టుకుంటే క్షణంలో పని. ముందు సీటు, తరువాత హెడ్‌రెస్ట్, ఆపైన అద్దాలు, ఈ వరుసలో సర్దుకోండి.